4×100 రిలేలో బ్యాటన్ జోన్ దాటిపోతోందా?

అందుకునే అమ్మాయి ముందే కదిలిపోతోంది సార్, అందుకే బ్యాటన్ కర్ర చేతులు మారాల్సిన జోన్‌ లోపల అందట్లేదు. మీ స్కూల్ జట్టు మండల పోటీల్లో రెండో మార్పిడి దగ్గర డిస్‌క్వాలిఫై అవడానికి కారణం ఇదే అయ్యుండాలి, వేగం కాదు.

1. ముందు టేపుతో జోన్ కొలవండి. ఇప్పుడు 30 మీటర్లు. పాత గీతలైతే 20 ఉంటాయి.

2. చాలామంది వదిలేసేది చెక్‌మార్క్. జోన్ మొదలయ్యే గీతకు వెనక 20 పాదాలు కొలిచి, మీ లేన్‌లోనే గుర్తు పెట్టండి. మట్టి గ్రౌండ్‌లో గీత, సింథటిక్ ట్రాక్ మీద అంటించే టేపు. తెచ్చే అమ్మాయి ఆ గుర్తు మీదికి రాగానే అందుకునే అమ్మాయి పరుగు మొదలుపెట్టాలి, ఇక వెనక్కి చూడొద్దు. జోన్ దాటిపోతుంటే గుర్తును గీతకు దగ్గరికి జరపండి. వెనకమ్మాయి వచ్చి గుద్దుకుంటుంటే దూరం పెంచండి.

3. ఇదంతా పూర్తి వేగంతోనే. జాగింగ్‌లో పెట్టిన గుర్తు పోటీలో పనికిరాదు (మేమూ అలాగే దెబ్బతిన్నాం).

అన్నట్టు, జోన్ లోపల ఉందా లేదా అన్న లెక్క బ్యాటన్‌దే, కాళ్లది కాదు.