శనగ చేలో గద్దలకు విషం పెట్టొద్దు

ప్రశ్న: నంద్యాల జిల్లాలో 6 ఎకరాల్లో శనగ వేశాను. కాయ దశలో ఉంది. పొద్దుగూకే వేళ గద్దల్లాంటివి పది, పదిహేను వచ్చి చేలో వాలుతున్నాయి. రాత్రిళ్లు మోటారు షెడ్డు మీద గుడ్లగూబలు కూర్చుంటున్నాయి. కాయలకు బొక్కలు పడ్డాయి, గట్టు పక్క మొక్కలు కొరికేసి ఉన్నాయి. కోడి పేగుల్లో గుళికలు కలిపి పెట్టమని మందుల షాపులో చెప్పారు. ఎంత కలపాలి?

జవాబు: చిటికెడు కూడా కలపొద్దు. ఈ నష్టం పక్షులది కాదు. కాయకు గుండ్రటి బొక్క పెట్టేది శనగపచ్చ పురుగు. గట్టు పక్క కొరికింది ఎలుకలు. గద్దలు, గుడ్లగూబలు శనగ ముట్టవు.

మీరు చూసినవి పిల్లిగద్దలు అయ్యుంటాయి. మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చి, ఏప్రిల్‌కల్లా వెళ్లిపోతాయి. పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతలను, ఎలుకలను, చిన్న పిట్టలను పడతాయి. రాత్రికి నేల మీదే పడుకుంటాయి. మీ జిల్లాలోనే రోళ్లపాడు గడ్డి భూముల్లో వీటిని చూడొచ్చు.

గుడ్లగూబ అంటే అరిష్టమని మనవాళ్ల భయం. పొద్దున్నే షెడ్డు గోడ కింద చూడండి, బొటనవేలంత ఉండలు కనిపిస్తాయి. అరగని వెంట్రుకలు, ఎముకలు అది అలా కక్కేస్తుంది. ఒకటి నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పండి. పసుపుపచ్చ పళ్లతో ఎలుక పుర్రె బయటపడుతుంది. మీకు జీతం లేని కాపలా అది.

పురుగుకు ఎకరాకు 20 పక్షి స్థావరాలు (పిట్టలు వాలే కర్రలు), 4 లింగాకర్షక బుట్టలు (వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పెట్టండి. మీటరు సాలుకు ఒక పురుగు కనిపిస్తేనే ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ లీటరుకు 0.4 గ్రా. చొప్పున, ఎకరాకు 200 లీటర్ల నీటితో సాయంత్రం పిచికారీ చేయండి. నాలుగు మందులు కలిపి కొట్టొద్దు.

ఎలుకలకు మొదటి రోజు బొరియలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టాలి. నూకలు 960 గ్రా., నూనె 20 గ్రా., 0.25 శాతం బ్రోమోడయోలోన్ (ఎలుకల మందు) 20 గ్రా. కలిపి, 15 గ్రా. పొట్లాలుగా కట్టి బొరియ లోపలికి తోయండి. గట్టు మీద చల్లొద్దు. ఎలుకలు నాలుగైదు రోజుల తర్వాత చస్తాయి. పది రోజులపాటు రోజూ పొద్దున్నే ఏరి లోతుగా పూడ్చాలి. వాటిని తింటే గుడ్లగూబ ఒంట్లోకీ విషం చేరుతుంది.

ఇక ఆ షాపు సంగతి. మీ చేను గట్టు కూడా తొక్కని మనిషి మోతాదు చెబితే ఎలా నమ్మారు? ఆ పేగులు ముందు తినేది ఊళ్లో కుక్కలు. ఈ పక్షులను చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కేసయితే మొదట అడిగేది పేగులు పెట్టిన మిమ్మల్నే. ఆ గుళికలు ఫోరేట్ అనే పురుగుమందు అయితే 2020 డిసెంబరు 31 నుంచి అమ్మడమే నిషేధం. ఈసారి రాసేటప్పుడు ప్యాకెట్ మీద పేరు కూడా రాయండి.