వార్డులో రొమేనియన్: ఏ అక్షరం ఒత్తాలి?

చిట్టితల్లికి, మామయ్య దీవెనలు.

వచ్చే సెమిస్టర్ నుంచి రొమేనియాలోని క్లుజ్‌లో ఆసుపత్రి వార్డులకు వెళ్లాలని, రొమేనియన్ అంటే టెన్షన్‌గా ఉందని రాశావు. మీ క్లాసులు ఇంగ్లిష్‌లోనే అయినా, మంచం మీది మనిషి తన బాధ చెప్పుకునేది రొమేనియన్‌లోనే కదా.

జబ్బుల పేర్లు బట్టీ పట్టేముందు ఏ మాటలో ఊనిక, అంటే ఒత్తి పలకడం, ఎక్కడ పడుతుందో చూసుకో. తెలుగులో ఏ అక్షరం ఒత్తినా అర్థం మారదు కాబట్టి అన్నిటినీ ఒకే బరువుతో చదివేస్తాం. అక్కడ "ఆ-చె-లె" అని మొదట్లో ఒత్తితే సూదులు, "అ-చే-లె" అని మధ్యలో ఒత్తితే "ఆ ఫలానావి" అని అర్థం. రాతలో రెండూ ఒకటే, ఊనికకు గుర్తు పెట్టరు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది మాట చివరి "ఇ" దగ్గర. మనకు చివరి అచ్చు నిండుగా పలకడం అలవాటు. అక్కడ ఊనిక లేని చివరి "ఇ" చాలా మాటల్లో గుసగుసలా వినిపించి ఆగిపోతుంది, సిలబుల్‌గా లెక్కకు రాదు. స్టెతస్కోప్ పెట్టి "గట్టిగా ఊపిరి పీల్చండి" అనాలంటే "రెస్-పి-రాత్స్ అ-దింక్" అంటావు. మొదటి మాటలో మూడే సిలబుల్స్, ఊనిక "రా" మీద. శ్వాస అనే మాటలో మాత్రం ఐదు: రెస్-పి-రా-త్సి-యె. ఆ "త్స" మన "చాప"లోని చకారమే, నీకు సులువుగా వస్తుంది.

జబ్బుల పేర్ల చివర "ఇయె" వస్తే జాగ్రత్త. రక్తహీనత అ-నె-మీ-యె, ఎలర్జీ అ-లెర్-జీ-యె: ఊనిక "మీ", "జీ" మీద. ఇన్ఫెక్షన్‌కి వచ్చేసరికి ఊనిక ముందుకు జరుగుతుంది: ఇన్-ఫెక్-త్సి-యె, "ఫె" మీద. హెర్నియా అయితే మొదటి సిలబుల్ మీదే: హేర్-ని-యె. హల్లుతో ముగిసే మాటలకు సాధారణంగా చివరి సిలబుల్ ఒత్తుతారు. కాలేయం ఫి-కాత్, లక్షణం సింప్-తోమ్. కానీ డాక్టర్‌ని "మే-దిక్" అని మొదట్లో ఒత్తి పిలుస్తారు. గుండె కూడా ఈ-ని-మ.

అందుకే సూత్రాలను పూర్తిగా నమ్ముకోమని చెప్పను. కొత్త మాట రాసుకునేటప్పుడే విడగొట్టి, ఒత్తే అచ్చు కింద గీత పెట్టు. అనుమానం వస్తే రొమేనియన్ అకాడమీ వర్ణక్రమ నిఘంటువు తీసి చూడు, మూడో కూర్పు 2021లో వచ్చింది. అందులో ఊనిక చూపిస్తారు. ఆదివారం ఫోన్ చేసి, పేషెంట్‌ని అడగబోయే ప్రశ్నలన్నీ నాకు చదివి వినిపించు.

నీ మామయ్య