ఇండస్ట్రియల్ ఇంజినీర్‌గా చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి స్రవంతికి, పెదనాన్న ఆశీస్సులు.

గార్మెంట్ ఫ్యాక్టరీలో ఇండస్ట్రియల్ ఇంజినీర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "మెషిన్లు బాగుచేసే పనా అన్నయ్యా?" అని అడిగాడు. దానికి మెకానిక్ ఉంటాడురా, మనిషీ మెషినూ సరుకూ ఒకదాని కోసం ఒకటి ఆగిపోకుండా చూసే పని ఇది అని చెప్పాను. "పోన్లే, ఏసీ రూమేగా" అన్నాడు. ఏసీ రూమ్ ఉంటుందమ్మా, కానీ నీ పనంతా బయట లైన్లోనే.

చేరగానే స్టాప్‌వాచ్ చేతికిస్తారు. కొన్నాళ్లు దాన్ని బయటికి తీయకు. ఎవరి ముందు బండిళ్లు, అంటే కత్తిరించిన పీసుల కట్టలు, పేరుకుంటున్నాయో, ఎవరు పీసుల కోసం ఎదురుచూస్తున్నారో చూడు. చొక్కా లైన్లో మిగతా పనులన్నీ పీసుకు 40 సెకన్లలో అయిపోతూ, కాలర్ అతకడానికి మాత్రం 60 సెకన్లు పడుతోందనుకో. గంటకు 60 చొక్కాలకు మించి రావు. అంతకు ముందు భుజాలు కలిపి కుట్టే అమ్మాయి గంటకు 90 కుట్టినా, ఆ అదనపు 30 కాలర్ మెషిన్ ముందు గుట్టపడతాయి, అంతే. సూపర్‌వైజర్ మాత్రం అందరి మీదా అరుస్తూనే ఉంటాడు. కాలర్ దగ్గర ఇంకో మెషిన్ వెయ్యాలా, ఆ పనిలో కొంత పక్కవాళ్లకు పంచాలా అన్నది నువ్వు లెక్కకట్టి చెప్పాలి.

ఇక టైమ్ స్టడీ, అంటే ఒక పనికి ఎంతసేపు పట్టాలో వాచీతో కొలిచి తేల్చడం. వాచీ కనబడగానే కొందరు కావాలని నెమ్మదిస్తారు, కొందరు కంగారుపడి పరుగెడతారు. ఒకామెకు సగటున 40 సెకన్లు పట్టింది, మామూలు కంటే చురుగ్గా చేస్తోంది అనిపించి 110 శాతం రేటింగ్ వేస్తే, మామూలు వేగంతో చేసేవాళ్లకు అది 44 అవుతుంది. అలసట, మంచినీళ్లు, బాత్రూమ్, దారం తెగడం వగైరాలకు 15 శాతం అలవెన్స్ కలిపితే దాదాపు 51 సెకన్లు. ఈ అలవెన్స్ దగ్గర కూరగాయల బేరం ఆడే మేనేజర్లుంటారు. తగ్గకు. ఆ అంకె మీదే టార్గెట్ పెడతారు. టార్గెట్ అందకపోతే మాటపడేది ఆపరేటరే.

అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అని, కుర్రతనంలో తాపీపనికి వెళ్లి, తర్వాత ఆ పనినే పరిశీలించినాయన ఉన్నాడు. మేస్త్రీని తొందరపెట్టలేదు. ఇటుకలు చేతికందే ఎత్తులో ఉండేలా పరంజా మార్చాడు. ఇటుకకు 18 కదలికలు పట్టేవి, అవి అయిదు కంటే తక్కువకు తగ్గాయి. లిలియన్, అంటే ఆయన భార్య, సైకాలజీ చదివింది. పనివాళ్ల అలసట మీద ఇద్దరూ కలిసి పనిచేశారు. మన వృత్తికి వాళ్లే అసలైన పెద్దలని నా అభిప్రాయం.

ఎక్సెల్, స్టాటిస్టిక్స్ నీకు వచ్చు కాబట్టి వాటి గురించి నేను చెప్పేదేం లేదు. నీకు తక్కువైంది మాట కలపడం. మొహమాటం వదిలి, "అక్కా, ఈ పనిలో నీకు చిరాకు తెప్పించేదేంటి?" అని అడుగు. బండిల్ కుడివైపు పెడుతున్నారు, ప్రతి పీసుకూ నడుం తిప్పాల్సి వస్తోంది అంటుంది. బల్ల ఎడమవైపుకి జరిపించు. ఫలితం వస్తే, రిపోర్టులో ఆ ఆలోచన ఆమెదేనని పేరుతో సహా రాయి. ఆ తర్వాత నువ్వు వాచీ తీసినా ఎవరూ నటించరు.

చేరాక మీ లైన్ లేఅవుట్ కాగితం మీద గీసి, ఫొటో తీసి పంపు. బండిళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టు.

మీ పెదనాన్న