నెలకి రెండుసార్లే కదా అని వదిలేయకండి

ప్రశ్న: నా వయసు 46. మొదటి కాన్పులో ఫోర్సెప్స్ వేసి బాబుని తీశారు, కింద కుట్లు పడ్డాయి. మూడేళ్లుగా మోషన్ వస్తే ఆపుకోలేకపోతున్నా, నెలకి రెండుసార్లు పల్చగా బట్టల్లోనే అయిపోతోంది. రోజూ ప్యాడ్ పెట్టుకునే ఉంటా. బస్సెక్కి మూడేళ్లయింది, పెళ్లిళ్లకి వెళ్లినా ఏమీ తినను. హాస్పిటల్‌కి వెళ్తే మందుల కంటే ముందు 29 ప్రశ్నల ఫారం ఇచ్చారు, భయమా, దిగులా, దాంపత్యం ఎలా ఉంది అని. మా ఆయన పక్కనే ఉన్నారు, సగం వదిలేశా. మోషన్ ప్రాబ్లంకి ఇవన్నీ ఎందుకు? – ఒక సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, ఈ విషయం బయటికి చెప్పారు, అదే చాలా పెద్ద పని, ఎందుకంటే ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకుండా నెట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. ఆ ఫారం మీ మనసు మీద అనుమానంతో ఇచ్చింది కాదు. 2000లో తయారైన స్కేల్ అది, ఎఫ్ఐక్యూఎల్ అంటారు. రోజువారీ జీవితం, జాగ్రత్తల కోసం పడే పాట్లు, దిగులు, సిగ్గు అని నాలుగు భాగాలుంటాయి, ఒక్కోదానికి విడిగా మార్కులు.

నెలకి రెండుసార్లే అవుతోంది అంటున్నారు సరే, కానీ అది ఎందుకు రెండు దగ్గర ఆగిందో చూడండి. మీరు బస్సెక్కట్లేదు, పెళ్లిలో భోజనం ముట్టట్లేదు, అంటే జబ్బు తగ్గి కాదు, మీరే ఒక్కోటీ మానేసుకుంటూ వచ్చారు కాబట్టి ఆ లెక్క తక్కువగా కనిపిస్తోంది. మామూలుగా పొయ్యి మీద ఇడ్లీ దించి తిని, ఊరికి బయల్దేరితే ఎన్నిసార్లు అయ్యేదో? ఆ తేడా పట్టుకోవడానికే ఆ ప్రశ్నలు.

ఇంకో స్కేల్ ఉంది, వెక్స్‌నర్ స్కోర్, 1993 నుంచి వాడుతున్నారు. గట్టి మోషన్, పల్చటి మోషన్, గ్యాస్, ప్యాడ్ వాడకం, జీవితంలో మార్పు, ఈ ఐదింటికీ ఎంత తరచుగా అవుతోందో దాన్ని బట్టి 0 నుంచి 4 దాకా, మొత్తం 20. మీరు రాసినదాన్ని బట్టి వేస్తే పల్చటి మోషన్‌కి 2, రోజూ ప్యాడ్ కాబట్టి 4, జీవితం రోజూ మారిపోయింది కాబట్టి ఇంకో 4, గ్యాస్ సంగతి వదిలేసినా 10 వచ్చింది. ఇందులో లీక్ వల్ల వచ్చినవి 2 మాత్రమే! మీ ఆయనకి ఈ లెక్క చూపించండి. ఒక జాగ్రత్త, వెక్స్‌నర్‌లో మార్కులు పెరిగితే కష్టం ఎక్కువ, ఎఫ్ఐక్యూఎల్‌లో తగ్గితే కష్టం ఎక్కువ, రెండూ కలిపి చూసి కంగారుపడొద్దు.

ఫారం మళ్లీ అడిగి తీసుకుని ఒక్కరే కూర్చుని నింపండి, దాంపత్యం గురించి అడిగినవి కూడా వదలకండి, భయంతో దూరంగా ఉండటం కూడా ఈ జబ్బులో భాగమే. ఫారంలో లేనివి, పూజలో కూర్చోలేకపోవడం లాంటివి, పక్కన మార్జిన్‌లో రాయండి, డాక్టర్‌కి పనికొస్తాయి.

ఇక ట్రీట్‌మెంట్. ఫోర్సెప్స్ కాన్పులో మలద్వారం చుట్టూ ఉండే కండరం చిరిగితే అది ఏళ్ల తర్వాత, నెలసరి ఆగే వయసులో బయటపడటం మామూలే. లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్‌లో చిరుగు కనిపిస్తుంది, మానోమెట్రీ అనే ప్రెషర్ కొలిచే టెస్ట్‌లో కండరం బలం తెలుస్తుంది. ముందు మోషన్ గట్టిపడేలా ఇసబ్‌గోల్, అవసరమైతే విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్ర (డాక్టర్ చెప్పిన డోసులోనే), కండరం బిగించే ఎక్సర్‌సైజులు, బయోఫీడ్‌బ్యాక్ (కండరం ఎలా బిగుస్తోందో మెషీన్‌లో చూస్తూ నేర్చుకోవడం), వీటితోనే చాలామందికి బాగా తగ్గుతుంది. వీటికి లొంగకపోతే కండరం కుట్టే ఆపరేషన్, నడుం కింద నరానికి కరెంట్ ఇచ్చే చిన్న పరికరం కూడా ఉన్నాయి. షుగర్ ఉంటే అదీ చూపించుకోండి.

మూడు నెలల తర్వాత అదే ఫారం మళ్లీ నింపండి. లీక్ రెండు నుంచి ఒకటికి తగ్గి మీరింకా బస్సెక్కట్లేదంటే ట్రీట్‌మెంట్ సరిపోలేదని నేను అంటాను, అప్పుడు మందు మార్చమని గట్టిగా అడగండి. మోషన్‌లో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా మాత్రం మూడు నెలలు ఆగొద్దు, వెంటనే చూపించుకోండి.