స్మూతీనా, జ్యూసా? రెండూ తాగి చూసినవాడి జవాబు

"బరువు తగ్గాలి, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. పొద్దున్నే తాజా జ్యూస్ మంచిదా, స్మూతీ మంచిదా? కోల్డ్ ప్రెస్ జ్యూసర్ కొనమంటారా?" అని కదా మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాను. ఈ మూడు పనులూ చేసి, మూడింట్లోనూ చేతులు కాల్చుకున్నవాణ్ణి.

రెండేళ్ళ కిందట నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, అంటే మీలాగే బోర్డర్‌లో. మాత్రలు అక్కర్లేదు, తిండి చూసుకో, నడువు అన్నారు డాక్టరు. నడకేమో రేపట్నుంచి అనుకున్నాను, జ్యూసర్ మాత్రం ఆ వారమే కొనేశాను. రోజూ పొద్దున పరగడుపున నాలుగు బత్తాయిలు. ఒక గ్లాసు రసం కిందికి, ఒక గిన్నెడు పిప్పి పక్కకి.

మా అమ్మది నల్లగొండ వైపు, బత్తాయి తోటల మధ్య పెరిగిన మనిషి. హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ పిప్పి గిన్నె చూసి, "ఏందిరా ఇది? అసలుదంతా చెత్తబుట్టల పోసి తీపినీళ్ళు తాగుతున్నవు" అంది. కోల్డ్ ప్రెస్ అంటే వేడెక్కదమ్మా, విటమిన్లు పోవు అని ఏదో చెప్పబోయాను. ఆమె అప్పటికే ఒక కాయ వొలిచి తొనలు నోట్లో వేసుకుంటోంది.

పంతానికి నాన్న గ్లూకోమీటర్ తీశాను. పరగడుపున 104. గ్లాసు బత్తాయి రసం, చుక్క చక్కెర లేకుండా, రెండు నిమిషాల్లో తాగేశాను. ముప్పావుగంటకి 171. మర్నాడు అవే నాలుగు కాయలు వొలుచుకుని తిందామని కూర్చున్నాను. రెండో కాయ సగంలోనే కడుపు నిండిపోయింది. మీటరు 131 చూపించింది. ఒకడి ఒంటి మీద, ఒక్క రోజు లెక్క ఇది, దీన్ని పట్టుకుని సిద్ధాంతాలు చేయకండి. కానీ నాకు తెలియాల్సింది తెలిసింది. నాలుగు కాయలు తినలేనివాణ్ణి, నాలుగు కాయల తీపి రోజూ ఎట్లా తాగుతున్నానా అని.

ఇది ఎప్పుడో తేల్చిన విషయమేనని తర్వాత చదివాను. 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ పరిశోధనలో మనుషులకి యాపిల్స్‌ని మూడు రకాలుగా ఇచ్చారు: కాయగా, గుజ్జుగా, రసంగా. కాయ తినడానికి పట్టిన టైములో పదకొండో వంతు చాలు రసం తాగడానికి. గుజ్జు మధ్యలో ఉంది. కడుపు నిండిన తృప్తి కూడా అదే వరసలో, కాయకి ఎక్కువ, రసానికి తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పండ్ల రసంలోని చక్కెరని, మనం టీలో వేసుకునే చక్కెరనీ ఒకే ఖాతాలో రాస్తుంది. ఆ ఖాతా మొత్తం రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. పావు లీటరు బత్తాయి రసంలోనే సుమారు 20 గ్రాములు ఉంటుంది. ఇక ఆ రోజు టీ ఎట్లా తాగుతాం చెప్పండి.

అయితే స్మూతీయే కదా అని అటు దూకాను. మిక్సీలో పీచు ఎక్కడికీ పోదు, చిన్న ముక్కలవుతుంది అంతే, కాబట్టి రసం కంటే ఇది నయం, ఆ మాట నిజమే. కానీ నేను చేసిన స్మూతీ చూడండి: రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు, నాలుగు ఖర్జూరాలు, రెండు స్పూన్ల పల్లీ బటర్, పైన తేనె. తర్వాత లెక్క వేస్తే 700 క్యాలరీల దాకా తేలింది. అది తాగి, అలవాటు ప్రకారం నాలుగు ఇడ్లీలు. రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగాను. "హెల్తీగా తింటున్నా కదా, బరువెందుకు పెరుగుతున్నా" అని నెట్‌లో వెతికిన మహానుభావుణ్ణి నేనే. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ) వాళ్ళు జ్యూసూ స్మూతీ కలిపి రోజుకి 150 మిల్లీలీటర్లు దాటొద్దంటారు. మన టీ గ్లాసు కంటే కాస్త పెద్దది, అంతే.

ఇప్పుడు నేను చేసేది: ఆకలి వేసినప్పుడు జామకాయ, గింజలతో సహా కొరికి తినడం. ఆఫీసుకి ఆలస్యమై టిఫిన్ మానేసే రోజుల్లో మాత్రం స్మూతీ, అది టిఫిన్‌కి బదులే, టిఫిన్‌తో పాటు కాదు. సగం అరటిపండు, కప్పు పెరుగు, చెంచాడు వేయించిన అవిసె గింజల పొడి, ఒక్కోసారి గుప్పెడు పాలకూర. తేనె లేదు, ఖర్జూరం లేదు. మొదటి వారం చప్పగా ఏడుస్తుంది, తర్వాత అలవాటవుతుంది. (రాగిజావలో మజ్జిగ పోసుకుని తాగితే ఇంకా మంచిదని అమ్మ వాదన. దాని మీద మా ఇంట్లో చర్చ నడుస్తూనే ఉంది.)

జ్యూస్ పూర్తిగా మానేశామా అంటే లేదు. ఫ్రిజ్‌లో చిన్న డబ్బా ఎప్పుడూ ఉంటుంది. నాన్న ఇన్సులిన్ మీద ఉన్నారు. ఎప్పుడైనా షుగర్ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణికితే అర గ్లాసు జ్యూసే పావుగంటలో మనిషిని తేరుస్తుంది. నా రీడింగ్‌ని ఎగేసిన ఆ వేగమే అక్కడ పనికొస్తుంది.

జ్యూసర్ కొనకండి. కోల్డ్ ప్రెస్ అయినా పిప్పి పక్కకే పోతుంది. మాది అటక మీద ఉంది, పక్కన నిరుడు కొన్న ఎయిర్ ఫ్రయర్.

ఇంకొక్క మాట. పార్కుల గేట్ల దగ్గర పొద్దున్నే సొరకాయ రసం అమ్ముతుంటారు, మీరు వాకింగ్‌కి వెళ్తే కనిపిస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళు కూడా ముందు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారేయాలి, తేనె కలిపి మింగేయడం కాదు. చేదు సొరకాయలో ఉండే కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాలు వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదికి తెస్తాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త అట్లా చనిపోయాక ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కమిటీ వేసి మరీ హెచ్చరించింది. బండి మీద కొంటే ఆ కాయ రుచి ముందుగా చూసే వీలు మీకు ఉండదు.