మామయ్య టాంజానియా నుంచి తెచ్చిన పొడుగు మీసాల పురుగులు ఏ జాతివో పాత వర్ణనలు చదివి చెప్పగలమా?

చెప్పగలం. మీరు వాటిని తుడవకుండా ఉంటే.

నేను కంపాలాలో ఉద్యోగం చేసేటప్పుడు మా ఇంటి వెనక టింబర్ డిపో ఉండేది. వాన వెలిసిన రాత్రుళ్లు వరండా లైటుకి పెంకు పురుగులు వచ్చి పడేవి. వాటిలో ఒకదాని మీసాలు ఒంటికన్నా పొడుగు. మన మామిడి కాండం తొలిచే పురుగుకి చుట్టమే. ఎండాక బూజు పట్టినట్టు కనిపిస్తే, స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దేశాను. దూదికి తెల్లటి పొడి అంటుకుంది. ఎంత మురికో అనుకున్నాను.

మురికి కాదది. ఈ పురుగుల్లో చాలావాటికి మచ్చలుండేది పెంకు మీది సన్నటి నూగులో. నేను చేజేతులా ఊడబెరికి, ఆ తర్వాత నెలరోజులు తెల్లమచ్చలు లేని జాతి కోసం వెతికాను! రెక్క అంచున దూది తగలనిచోట మిగిలిన చిన్న మచ్చ భూతద్దంలో కనబడ్డాకగానీ బుర్ర వెలగలేదు.

ఇక వర్ణనల సంగతి. ఈ పురుగులుండే లామినే అనే ఉపకుటుంబంలో స్టీఫన్ బ్రాయ్నింగ్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ఒక్కడే 7,000కు పైగా పేర్లు పెట్టాడు. చాలావాటికి బొమ్మ లేదు, నాలుగు ముక్కల వర్ణనంతే. పాత పెళ్లి ప్రకటనల్లో 'చామనఛాయ, కోలముఖం' అన్నట్టుంటుంది, ఊళ్లో సగంమందికి సరిపోతుంది. పైగా మీసాలు మగవాటికి పొడుగు, ఆడవాటికి పొట్టి. ఆ తేడా మరిచిపోతే ఒకే పురుగు రెండు జాతులైపోతుంది.

అందుకే నేను రంగును నమ్మను. మీసం మొదటి కణుపు చివర మానిన గాయపు మచ్చలాంటి అంచు ఉందా, మూడో కణుపు నాలుగోదానికన్నా ఎంత పొడుగు, మెడపలక పక్కన ముల్లుందా, ముందుకాళ్ల మధ్య పలక ఎలా వంగింది, ఇవి చూస్తాను. నాది ప్రోసోపోసెరా ప్రజాతి అని తేలింది వాటితోనే. ఫోన్‌లో వీపు ఫొటో ఒకటి పెట్టి "పేరేంటండీ?" అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పొట్టవైపు ఒక్కడూ తీయడు.

ముందు మీ మామయ్యగారిని ఏ ఊళ్లో, ఏ నెలలో పట్టారో అడిగి చీటీ రాయండి. పాతకాలంవాళ్లు ఉత్త 'గినియా' అని రాసేసి పోయారు, ఆఫ్రికా పశ్చిమ తీరమంతా అదే పేరు. ఆయనకు గుర్తున్నప్పుడే అడగండి.