ఒక్క సెల్‌లో పనిచేసే ఫంక్షన్ 600 వరుసలకు లాగితే ఎందుకు ఆగిపోతోంది?

గూగుల్ షీట్స్‌లో మీరు రాసిన ఫంక్షన్ వస్తువు కోడ్ ఇస్తే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి ధర తెస్తోంది, కానీ 600 వరుసలకు లాగితే సగం సెల్స్ ‘లోడింగ్’ దగ్గరే నిలిచిపోతున్నాయి, మిగతావి ఎర్రర్ చూపిస్తున్నాయి అన్నారు. నాకూ అచ్చం ఇలాగే అయింది. క్వెరీ (డేటాబేస్‌ని అడిగే వాక్యం) నెమ్మదిగా ఉందేమోనని, వెతకడాన్ని వేగం చేసే ఇండెక్స్‌లు పెట్టుకుంటూ రెండు రోజులు గడిపాను. తీరా చూస్తే క్వెరీలో ఏ లోపమూ లేదు.

ఒక్కో సెల్ ఫంక్షన్‌ని విడిగా పిలుస్తుంది, పిలిచిన ప్రతిసారీ డేటాబేస్‌కి కొత్త కనెక్షన్ తెరుచుకుంటుంది. ఇలా మనమే రాసుకున్న కస్టమ్ ఫంక్షన్‌కి ఉన్న గడువేమో 30 సెకన్లే. అందుకని ఎ2 ఒక్కటే కాకుండా ఎ2 నుంచి ఎ601 దాకా మొత్తం రేంజ్‌ని ఒకేసారి ఇవ్వండి. అది ఫంక్షన్‌లోకి రెండు డైమెన్షన్ల అర్రేగా, అంటే అడ్డువరుసలు, నిలువువరుసలు ఉన్న జాబితాగా వస్తుంది. కోడ్‌లన్నీ కలిపి ఒకే క్వెరీ నడిపి, ఫలితాన్ని కూడా అర్రేగానే తిరిగిస్తే ధరలు కిందికి వాటంతటవే నిండుతాయి. కింది సెల్స్ మాత్రం ఖాళీగా ఉండాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి జాగ్రత్త పడండి. మనం ఇచ్చిన క్రమంలోనే డేటాబేస్ ఫలితాలు ఇస్తుందన్న హామీ లేదు. పైగా దొరకని కోడ్‌కి అసలు వరుసే రాదు. నా షీట్‌లో 14వ వరుస కోడ్ టేబుల్లో లేదు. దాని కింది ధరలన్నీ ఒక్కో గడి పైకి జరిగాయి. ఎర్రర్ ఏమీ లేదు, అంకెలన్నీ నమ్మేలాగే ఉన్నాయి. మూడో రోజు బిల్లుతో పోల్చినప్పుడు గానీ తెలియలేదు. ఇప్పుడు వచ్చిన ధరలను ముందు కోడ్ వారీగా ఒక ఆబ్జెక్ట్‌లో (కోడ్ చెబితే ధర ఇచ్చే పట్టికలాంటిది) పెట్టుకుంటాను. తర్వాత షీట్‌లోని కోడ్‌లను పైనుంచి కిందికి చూస్తూ ఒక్కోదాని ధర తీసుకుంటాను. లేనిచోట ‘దొరకలేదు’ అని రాయిస్తాను. అలాగే 00417 లాంటి కోడ్‌లుంటే ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేకపోతే షీట్ దాన్ని 417 చేసేస్తుంది.

డేటాబేస్‌లో ధర మారినా షీట్‌లో పాతదే కనిపిస్తోందన్నారు కదా. ఇచ్చిన ఇన్‌పుట్ మారితేనే ఫంక్షన్ మళ్లీ నడుస్తుంది. ఎప్పటికప్పుడు మారే ప్రస్తుత సమయాన్నిచ్చే ‘నౌ’ ఫంక్షన్‌ని ఇన్‌పుట్‌గా ఇద్దామంటే ఇవ్వనివ్వరు. నేను ఒక చెక్‌బాక్స్ సెల్‌ని రెండో ఇన్‌పుట్‌గా ఇచ్చాను, టిక్ మార్చగానే కొత్త ధరలు వస్తాయి. రోజూ ఫలానా సమయానికి దానంతటదే మారాలంటే మాత్రం కస్టమ్ ఫంక్షన్ వదిలేసి, టైమ్ ట్రిగ్గర్‌తో (పెట్టిన సమయానికి దానంతటదే నడిపించే ఏర్పాటు) నడిచే మామూలు స్క్రిప్ట్ రాసుకోవడం మేలు.

స్క్రిప్ట్‌లో రాసిన డేటాబేస్ పాస్‌వర్డ్ సంగతి కూడా చూసుకోండి. షీట్‌ని ఎడిట్ చేయగలిగే ప్రతి ఒక్కరూ దానికి జోడించిన స్క్రిప్ట్‌ని తెరిచి చదవగలరు. కాబట్టి ధరలున్న ఆ ఒక్క టేబుల్‌ని చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న డేటాబేస్ యూజర్‌ని విడిగా సృష్టించి, అదే వాడండి. సెల్‌లోని విలువను నేరుగా క్వెరీ వాక్యంలో అతికించకుండా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో (విలువల చోటు ఖాళీగా ఉంచిన క్వెరీకి వాటిని విడిగా అందించే పద్ధతి) పంపండి.